భాగం - 9: దుస్తులు, జెండర్ గుర్తింపు – ఉభయ వస్త్రధారణను క్రమంగా సమకూర్చుకోవడం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 మౌలిక భావనలు
9.3 దుస్తులకు జెండర్ ఎలా వచ్చింది?
9.4 దుస్తులు, చట్టం
9.5 ఒక ఉదాహరణ: క్రమంగా సమకూర్చుకోవడం
9.6 భద్రత, కుటుంబం, ఉపాధ్యాయులు
9.7 సారాంశం
9.8 ముఖ్య పదాలు
9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• జీవ లింగం, జెండర్ గుర్తింపు, జెండర్ వ్యక్తీకరణ అనే మూడు భావనల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• ఒకే వస్త్రానికి సందర్భాన్ని బట్టి అర్థం ఎలా మారుతుందో మీ ప్రాంతపు ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• వస్త్రధారణ స్వేచ్ఛకు సంబంధించిన ముఖ్యమైన న్యాయస్థాన తీర్పులను పేర్కొనగలుగుతారు.
• తన గుర్తింపును అన్వేషించుకుంటున్న వ్యక్తి దుస్తులను దశలవారీగా ఎలా సమకూర్చుకోవచ్చో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

మిరప కోతల కాలంలో మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల్లో ఏ ఊరి పొలిమేరలోనైనా తెల్లవారుజామున నిలబడి చూడండి. కూలికి వెళ్ళే స్త్రీలు చీర మీద మగవారి ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఆటోల్లో వెళుతూ కనిపిస్తారు. మిరప ఘాటు, పత్తి చేలో గీరుకునే కొమ్మలు, ఎండ – వీటి నుంచి ఆ చొక్కా చేతులను కాపాడుతుంది. అది భర్తదో, కొడుకుదో అయి ఉంటుంది. ఆమెను చూసి ఎవరూ నవ్వరు. 'మగరాయుడిలా తయారైంది' అని ఎవరూ అనరు.

అదే చొక్కాను అదే ఇంటి కూతురు మార్కాపురం బస్టాండుకు తొడుక్కుని వెళితే పదిమంది తిరిగి చూస్తారు. అదే ఇంటి కొడుకు అమ్మ చున్నీ మెడలో వేసుకుని బడ్డీకొట్టు దాకా వెళితే మాటలు పడతాయి. బట్ట మారలేదు. మారింది ఎవరు, ఎక్కడ, ఎందుకు తొడుక్కున్నారన్నదే. చేలో దాన్ని 'పని బట్ట' అంటాం, బజారులో 'వేషం' అంటాం.

ఈ తేడాను అర్థం చేసుకోవడమే ఈ భాగం ఉద్దేశం. తాను స్త్రీనా, పురుషుడా, ఆ రెండు మాటల్లో ఇమడని వ్యక్తినా అన్న ప్రశ్న కొందరికి యవ్వనంలో, కొందరికి ఇంకా ముందే, మరికొందరికి పెళ్ళయి పిల్లలు పుట్టాక ఎదురవుతుంది. అటువంటి వారిలో చాలామందికి మొదట చేతికి అందేది మందూ కాదు, కాగితమూ కాదు. బట్టలే. ఎందుకంటే బట్టను ఈ రోజు తొడుక్కోవచ్చు, రేపు విప్పేయవచ్చు.

9.2 మౌలిక భావనలు

జీవ లింగం: పుట్టినప్పుడు శరీర లక్షణాలను బట్టి 'ఆడబిడ్డ', 'మగబిడ్డ' అని నమోదు చేసేది. ఈ రెండు వర్గాల్లో స్పష్టంగా ఇమడని శరీర లక్షణాలతో పుట్టేవారు కూడా ఉంటారు. వారిని ఇంటర్‌సెక్స్ వ్యక్తులు అంటారు.

జెండర్ గుర్తింపు: 'నేను ఎవరిని?' అన్న ప్రశ్నకు ఒక వ్యక్తి తన లోపల ఇచ్చుకునే జవాబు. ఇది పుట్టినప్పుడు నమోదైన లింగంతో కలవవచ్చు, కలవకపోవచ్చు. కలవనప్పుడు ట్రాన్స్‌జెండర్ అనే విస్తృత పదాన్ని వాడతారు. స్త్రీ, పురుష అనే రెండు గదుల్లోనూ ఇమడనివారు తమను నాన్ బైనరీ అని చెప్పుకుంటారు.

జెండర్ వ్యక్తీకరణ: దుస్తులు, జుట్టు, నడక, మాట తీరు, ఆభరణాల ద్వారా బయటికి కనిపించేది.

ఈ మూడూ ఒకటి కావు. ఒకటి తెలిసినంత మాత్రాన రెండోది తెలియదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ప్యాంటు, చొక్కా వేసుకునే అమ్మాయి తనను నిస్సందేహంగా స్త్రీగానే భావించుకోవచ్చు. రోజూ చీర కట్టే వ్యక్తి లోలోపల తాను స్త్రీని కానని అనుకోవచ్చు. బట్టను చూసి మనిషి గుర్తింపును నిర్ణయించకూడదు. ఇది ఈ భాగంలో గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం.

ఉభయ వస్త్రధారణ: స్త్రీల దుస్తులు, పురుషుల దుస్తులు అన్న విభజనకు లొంగకుండా, రెండింటి లక్షణాలనూ కలిపో, రెండింటికీ చెందకుండానో దుస్తులు ధరించడం. దీనికి వాడే ఆండ్రోజినీ అనే మాట పురుషుడు, స్త్రీ అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాల కలయిక. మనస్తత్వ శాస్త్రంలో ఈ భావనకు ప్రాచుర్యం తెచ్చినవారు అమెరికా శాస్త్రవేత్త సాండ్రా బెమ్. ఆమె 1974లో ప్రచురించిన మాపనిలో 60 లక్షణాలున్నాయి. వాటిలో 20 సమాజం పురుషులకు ఆపాదించేవి, 20 స్త్రీలకు ఆపాదించేవి, 20 తటస్థమైనవి. అంతకు ముందు పురుషత్వం, స్త్రీత్వం ఒకే కొలబద్దకు రెండు కొసలని, ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుందని భావించేవారు. అవి రెండు వేరు వేరు కొలబద్దలని, ఒకే మనిషిలో రెండూ ఎక్కువగా ఉండవచ్చని బెమ్ వాదించారు.

మరో విషయం కూడా గమనించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో జెండర్ అననుగుణతను మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తొలగించారు. అంటే ఈ అన్వేషణ జబ్బు కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1) జెండర్ గుర్తింపు, జెండర్ వ్యక్తీకరణల మధ్య తేడా ఏమిటి?
2) సాండ్రా బెమ్ భావన పాత ఆలోచనా విధానాన్ని ఏ విధంగా మార్చింది?

9.3 దుస్తులకు జెండర్ ఎలా వచ్చింది?

ఏ రంగు ఎవరిది, ఏ వస్త్రం ఎవరిది అన్నవి స్థిరమైన నియమాలు కావు. అమ్మాయిలకు గులాబీ, అబ్బాయిలకు నీలం అని నేడు అంగళ్ళలో అమ్ముతున్నారు. 1918లో ఒక అమెరికా పిల్లల దుస్తుల వ్యాపార పత్రిక ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా, గులాబీ అబ్బాయిలకు, నీలం అమ్మాయిలకు తగినదని రాసింది. పారిస్ నగరంలో స్త్రీలు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసు అనుమతి పొందాలన్న ఉత్తర్వు 1800లో వచ్చింది. అది చెల్లదని ఫ్రాన్స్ ప్రభుత్వం లాంఛనంగా ప్రకటించింది 2013లో. మన ఊళ్ళలో రెండు తరాల కిందట చుడీదార్ వేసుకున్న అమ్మాయిని వింతగా చూసేవారు. నేడు అది చాలా కళాశాలల్లో 'పద్ధతైన' దుస్తు.

తెలుగు సంప్రదాయంలో వస్త్రధారణ సరిహద్దు దాటిన సందర్భాలు చాలా ఉన్నాయి. తిక్కన తన భారత రచనను ప్రారంభించిన విరాటపర్వంలో అర్జునుడు బృహన్నలగా ఏడాది గడిపాడు. తూర్పు గోదావరి ప్రాంతంలోని ర్యాలిలో ముందు వైపు విష్ణువుగా, వెనుక వైపు మోహినిగా ఉన్న మూర్తికి పూజలు జరుగుతాయి. కూచిపూడిలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా పేరు పొందారు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే రంగస్థలాన్ని ఏలి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తిరుపతి గంగమ్మ జాతరలో పురుషులు స్త్రీ వేషంతో మొక్కు తీర్చుకుంటారు. ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోలీనాడు పురుషులు చీరలు కట్టి రతీ మన్మథులను పూజిస్తారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు కూడా ఆ కర్నూలు జిల్లాలోనివేనని గుర్తు చేసుకోండి.

అయితే ఇక్కడ విద్యార్థులు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. ఈ ఉదాహరణలను చూపి 'మన సమాజం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ఎప్పుడూ గౌరవించింది' అని జవాబు రాస్తారు. అది సరికాదు. పైవన్నీ పాత్ర, మొక్కు, పండుగ. వాటికి ఒక వేదిక ఉంది, ఒక గడువు ఉంది. మరునాడు వేషం తీసివేస్తారన్న నమ్మకం మీదే ఆ గౌరవం నిలబడింది. వేషం తీయకుండా, అదే తన రోజువారీ బతుకని చెప్పినవారికి అదే సమాజం వేరే పేర్లు పెట్టింది. సంప్రదాయం నిరూపించేది ఒక్కటే: సరిహద్దు దాటడం మనకు కొత్త కాదు.

9.4 దుస్తులు, చట్టం

దుస్తులను నేరంగా చూసిన చట్టం తెలుగు నేల మీదే ఉండేది. నిజాం పాలనలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాదు సంస్థానంలో 'యూనక్స్ చట్టం' వచ్చింది. ఈ చట్టం కింద హిజ్రాల పేర్లతో ఒక రిజిస్టరు నిర్వహించాలి. అందులో పేరున్న వ్యక్తి స్త్రీ దుస్తుల్లోగాని, ఆభరణాలతోగాని వీధిలో, బహిరంగ స్థలంలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ళ దాకా జైలు శిక్ష వేయవచ్చు. అంటే చీర కట్టి వీధిలోకి రావడమే నేరం.

ఈ చట్టాన్ని సవాలు చేస్తూ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు హైకోర్టుకు వెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఒక మొత్తం సమూహాన్ని పుట్టుకతో నేరస్థులుగా చూసే చట్టం సమానత్వ హక్కుకు, గౌరవంగా జీవించే హక్కుకు విరుద్ధమన్నది ఆ తీర్పు సారాంశం. ఈ చట్టం తెలంగాణ ప్రాంతానిది. ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మార్కాపురానికి ఇది వర్తించలేదు. అయినా శతాబ్దానికి పైగా ఒక బట్ట మనిషిని నేరస్థుణ్ణి చేయగలిగిందన్న సంగతి మనకు పాఠమే.

అంతకు ముందే, 2014 ఏప్రిల్ 15న, నల్సా కేసులో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. దుస్తులు, మాటలు, చేతలు, ప్రవర్తన ద్వారా తన జెండర్‌ను వ్యక్తం చేసుకోవడం రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చే భావ ప్రకటనా స్వేచ్ఛలో భాగమని ఆ తీర్పు స్పష్టం చేసింది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం చేసింది. అది 2020 జనవరి 10 నుంచి అమలులోకి వచ్చింది. విద్య, ఉపాధి, వైద్యం వంటి రంగాల్లో వివక్షను అది నిషేధించింది. గుర్తింపు పత్రం ఇచ్చే అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు ఇచ్చింది. దరఖాస్తు చేసేవారు ఆనాటికి అమలులో ఉన్న నిబంధనలను చూసుకోవాలి.

ఇక్కడ ఒక సందేహాన్ని తీర్చుకోవాలి. గుర్తింపు పత్రం కావలసింది రికార్డుల కోసం. నచ్చిన చొక్కా తొడుక్కోవడానికి ఏ పత్రమూ అక్కరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1) రంగస్థల స్త్రీ వేషానికి, జెండర్ వ్యక్తీకరణకు తేడా ఏమిటి?
2) 1919 నాటి హైదరాబాదు చట్టం దేన్ని నేరంగా పరిగణించింది?

9.5 ఒక ఉదాహరణ: క్రమంగా సమకూర్చుకోవడం

చర్చ కోసం ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. గిద్దలూరు దగ్గర ఒక గ్రామం. బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని. తండ్రి లేడు. తల్లి కూలికి వెళుతుంది. 'అమ్మాయి' అన్న పిలుపు తనకు సరిపోవడం లేదని ఆమెకు ఏడాదిగా అనిపిస్తున్నది. సరిపోయేది ఏదో కూడా ఇంకా తెలియదు. ఒకరోజు తండ్రి పాత చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. తల్లి చూసింది.

"మీ నాయన చొక్కా నీకెందుకే?"

"నువ్వు చేనికి తొడుక్కోవా అమ్మా?"

"చేనికి తొడుక్కుంటే ఎవురడుగుతారే? నువ్వు ఇంట్లో తొడుక్కుంటివి!"

తల్లి మాటలో కోపంకంటే భయం ఎక్కువ. అయినా ఆమె చొక్కా విప్పమనలేదు. ఈ విద్యార్థి ఇకముందు ఎలా సాగవచ్చో దశలవారీగా చూద్దాం. అబ్బాయిగా నమోదై ఇదే అన్వేషణలో ఉన్నవారికి కూడా ఈ దశలు వర్తిస్తాయి.

మొదటి దశ – గమనించడం: ఖర్చు లేని దశ ఇది. రెండు వారాలపాటు ఏ బట్టలో శరీరం తేలికగా ఉంది, ఏ బట్టలో ముడుచుకుపోయింది అన్నది నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇబ్బంది బట్ట వల్లనా, బిగుతు వల్లనా, చూసేవారి వల్లనా అన్నది విడదీయాలి. ఈ మూడింటికీ పరిష్కారాలు వేరు.

రెండో దశ – ఇంట్లో ఉన్నవాటితో మొదలుపెట్టడం: కుర్తా, ట్రాక్ ప్యాంటు, జీన్సు, టీ షర్టు, తువ్వాలు, చేతి గడియారం, తోలు చెప్పులు – వీటిని ఇప్పటికే అందరూ వాడుతున్నారు. వీటిలో ఒకటి మార్చితే ఎవరూ పెద్దగా గమనించరు. లేత బూడిద, నేవీ బ్లూ, తెలుపు, ఖాకీ వంటి రంగులు దేనితోనైనా కలుస్తాయి కనుక రెండు పైబట్టలు, రెండు ప్యాంట్లతోనే నాలుగు జతలు కుదురుతాయి.

మూడో దశ – కొలత: ఉభయ వస్త్రధారణలో అసలు మర్మం కుట్టులో ఉంది. మగవారి చొక్కాకు గుండీలు తొడుక్కున్నవారి కుడి వైపు, స్త్రీల చొక్కాకు ఎడమ వైపు ఉంటాయి. స్త్రీల చొక్కాను నడుము దగ్గర లోపలికి తీస్తారు, మగవారి చొక్కాను తిన్నగా దించుతారు. అమ్మాయిగా పెరిగినవారు మగవారి చొక్కా కొనేటప్పుడు ముందు భుజం కొలత చూసుకోవాలి. భుజం జారితే అరువు చొక్కాలా ఉంటుంది. పొడవును, చేతులను తగ్గించడం టైలరుకు సులువు, భుజం మార్చడం కష్టం. అబ్బాయిగా పెరిగినవారికి మోకాలి దాకా వచ్చే స్టాండ్ కాలరు కుర్తా, వదులు పైజామా, మెడలో పలచని కండువా మంచి ఆరంభం. మార్చి నుంచి జూన్ దాకా మన ప్రాంతపు ఎండలకు నూలు బట్టే మేలు. చీరాల నేత బట్ట తెచ్చి కుట్టించుకున్నా సరిపోతుంది.

ఒక హెచ్చరిక. ఛాతీ చదునుగా కనిపించాలని కొందరు క్రేప్ బ్యాండేజీతో, టేపుతో బిగించి కట్టుకుంటారు. ఇది ప్రమాదకరం. ఊపిరి అందదు, పక్కటెముకలకు, చర్మానికి హాని జరుగుతుంది. ఇందుకోసమే కుట్టిన బట్టను కూడా ఎనిమిది గంటలు మించి వాడకూడదు. దాన్ని వేసుకుని నిద్రపోకూడదు, బరువు పనులు చేయకూడదు. చాలామందికి వదులుగా ఉన్న రెండు పొరల బట్టలే చాలు: లోపల బనియను, పైన గుండీలు విప్పిన చొక్కా.

నాలుగో దశ – ఖర్చుకు హద్దు: నెలకు ఒక్క వస్త్రం మించి కొనకూడదు. ఉత్సాహంలో ఒకేసారి పది కొని, ఇంట్లో గొడవై, అన్నీ పోగొట్టుకున్నవారు ఉన్నారు. సంక్రాంతికో, ఉగాదికో ఇంట్లో బట్టలు తీసేటప్పుడు 'ఈసారి చొక్కా గుడ్డ తీయండి' అని అడగడం ఒక దారి. అడిగి తీసుకున్నదాన్ని దాచుకోవలసిన అవసరం ఉండదు.

ఐదో దశ – చోట్లను విస్తరించడం: మొదట గది, తరువాత ఇల్లు, తరువాత నమ్మకమైన మిత్రుడి ఇల్లు, తరువాత ఎవరూ ఎరుగని పట్టణం, చివరికి అధ్యయన కేంద్రం. ఒక్కో మెట్టు మీద కొన్ని వారాలు నిలవాలి.

ఆరో దశ – సమీక్ష: మూడు నెలలకొకసారి నోటు పుస్తకం చదువుకోవాలి. జవాబు మూడు విధాలుగా ఉండవచ్చు. 'ఇది నా అభిరుచి మాత్రమే' అని తేలవచ్చు. 'ఇది నా గుర్తింపు' అని తేలవచ్చు. 'ఇంకా తెలియదు' అనీ ఉండవచ్చు. మూడూ సరైన జవాబులే. మొదటి జవాబు వస్తే గడిచిన కాలం వృథా కాదు. మూడో జవాబు వస్తే తొందరపడనక్కరలేదు.

9.6 భద్రత, కుటుంబం, ఉపాధ్యాయులు

పట్టణంలో పనికివచ్చే సలహా పల్లెలో పనికిరాకపోవచ్చు. పల్లెలో ప్రతి ముఖమూ తెలిసినదే. తెలిసినవారే ఆపదలో ఆదుకుంటారు, తెలిసినవారే ఇంటికి మోసి చెబుతారు. కాబట్టి కొన్ని జాగ్రత్తలు అవసరం. సాయంత్రం చివరి బస్సు మీద ఆధారపడే ప్రయాణాలు పెట్టుకోకూడదు. సంచిలో ఒక మామూలు చొక్కానో, చున్నీనో ఉంచుకోవాలి. అవసరమైనచోట దాన్ని పైన వేసుకోవడం పిరికితనం కాదు, తెలివి. ఎక్కడికి వెళుతున్నదీ కనీసం ఒక్కరికి చెప్పి ఉంచాలి. ఇంట్లో కొట్టే పరిస్థితి, చదువు మాన్పించే పరిస్థితి ఉంటే ముందు చదువు, సంపాదన నిలబడాలి. బట్టలు ఆగగలవు.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు పెద్ద మాటలతో మొదలుపెట్టకండి. 'నేను నాన్ బైనరీ' అంటే అమ్మకు అర్థం కాకపోవచ్చు. 'ఈ బట్టల్లో నాకు ఊపిరాడుతుందమ్మా' అంటే అర్థమవుతుంది. మనసు బరువెక్కినప్పుడు 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సేవలో తెలుగులో మాట్లాడవచ్చు. 'మార్చేస్తాం' అని చెప్పే చికిత్సల జోలికి పోకండి. జాతీయ వైద్య కమిషన్ 2022లో అటువంటి మార్పిడి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పేర్కొంది.

ఇక ఉపాధ్యాయుల మాట. ఇది నా అనుభవం. చాలా ఏళ్ళ కిందట ఒక కేంద్రంలో ఆదివారం తరగతి చెబుతున్నాను. ముందు వరుసలో ఒక కుర్రవాడు కళ్ళకు సన్నగా కాటుక పెట్టుకుని, మెడలో రంగు కండువా వేసుకుని కూర్చున్నాడు. చక్కగా నోట్సు రాసుకుంటున్నాడు. 'ఏమయ్యా, నాటకానికి వచ్చావా, పాఠానికి వచ్చావా?' అన్నాను. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరువాతి ఆదివారం ఆ కుర్చీ ఖాళీ. పరీక్షల హాజరు పట్టీలో కూడా అతని పేరు ఎదుట సంతకం లేదు. ఆనాటికే నాకు డాక్టరేటు ఉంది. సామాజిక శాస్త్రం బోధిస్తున్నాను. ఎదుట ఉన్న మనిషిని మాత్రం చదవలేకపోయాను. అతను ఆ ఉదయం ఎన్ని మెట్లు దాటి ఆ కుర్చీ దాకా వచ్చాడో ఇప్పుడు ఊహించగలను. అతనికి చివరి మెట్టు నా తరగతి. దాన్ని పడగొట్టింది నా ఒక్క వాక్యం.

మీలో కొందరు రేపు ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, సచివాలయ ఉద్యోగులు అవుతారు. కొందరు తల్లిదండ్రులు అవుతారు. ఎదుట ఉన్న మనిషి బట్టల గురించి ఏమీ అనకుండా ఉండడం కొన్నిసార్లు మనం చేయగలిగిన పెద్ద సహాయం. పేరు పిలిచి, పాఠం చెప్పి, హాజరు వేయడమే చాలు.

9.7 సారాంశం

జీవ లింగం, జెండర్ గుర్తింపు, జెండర్ వ్యక్తీకరణ వేరు వేరు. వస్త్రానికి జెండర్‌ను ఇచ్చేది సమాజం. అది కాలాన్ని, చోటును బట్టి మారుతుంది. తెలుగు సంప్రదాయం వేషాన్ని వేదిక మీద ఆదరించింది కాని, జీవితంలో అంతగా ఆదరించలేదు. నల్సా తీర్పు వస్త్రధారణను భావ ప్రకటనలో భాగంగా గుర్తించింది. 1919 నాటి హైదరాబాదు చట్టాన్ని 2023లో హైకోర్టు కొట్టివేసింది. గుర్తింపును అన్వేషించుకునే వ్యక్తి గమనింపు, ఉన్న బట్టలు, కొలత, ఖర్చు, చోటు, సమీక్ష అనే దశల్లో నిదానంగా సాగవచ్చు. భద్రత, చదువు, సంపాదన ముందు. ఫలితం ఏదైనా కావచ్చు, దాన్ని తేల్చుకునే హక్కు ఆ వ్యక్తిదే.

9.8 ముఖ్య పదాలు

జెండర్ వ్యక్తీకరణ: దుస్తులు, నడవడిక ద్వారా బయటికి కనిపించే జెండర్.
ఉభయ వస్త్రధారణ: స్త్రీ, పురుష విభజనకు లొంగని దుస్తుల ఎంపిక.
నాన్ బైనరీ: స్త్రీ, పురుష వర్గాలు రెండింటిలోనూ పూర్తిగా ఇమడని గుర్తింపు.
నల్సా తీర్పు: ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించిన 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1) 'వస్త్రానికి జెండర్ పుట్టుకతో రాదు, సమాజం ఇస్తుంది.' ఉదాహరణలతో చర్చించండి.
2) జెండర్ గుర్తింపును అన్వేషించుకునే వ్యక్తి దుస్తులను సమకూర్చుకోవడంలోని దశలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1) నల్సా తీర్పులో వస్త్రధారణకు సంబంధించిన అంశం ఏమిటి?
2) పల్లె ప్రాంతంలో పాటించవలసిన భద్రతా జాగ్రత్తలు ఏవి?

III. అభ్యాస కృత్యం
మీ ఇంట్లో ముగ్గురు వేరు వేరు వయసుల వారిని, తమ చిన్నతనంలో ఏ బట్టను 'ఆడవాళ్ళది', ఏ బట్టను 'మగవాళ్ళది' అనేవారో అడిగి రాసుకోండి. వాటిలో నేటికి ఎన్ని మారాయో పట్టిక వేయండి. ఎవరినీ వారి గుర్తింపు గురించి అడగవద్దు. బట్టల గురించి మాత్రమే అడగండి.